ప్రతినాయకుల మంచి ప్రతిరూపాలను వీరులనవచ్చా? ‘డార్క్‌వింగ్ డక్’ నెగావర్స్‌పై చర్చ

మేడమీదిగది:
డిస్నీ వారి ‘డార్క్‌వింగ్ డక్’ కార్టూన్ ధారావాహికలో 1991లో వచ్చిన ‘లైఫ్, ది నెగావర్స్ అండ్ ఎవ్రీథింగ్’ అనే భాగం గురించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. సెయింట్ కెనార్డ్ నగరాన్ని కాపాడే బాతు వీరుడు డార్క్‌వింగ్, అచ్చం తనలాగే ఉండే శత్రువు నెగాడక్ పుట్టిపెరిగిన నెగావర్స్ అనే మరో లోకంలోకి వెళ్తాడు. అక్కడ మంచీ చెడూ తారుమారై ఉంటాయి. నగరాన్ని నెగాడక్ ఏలుతుంటాడు, మన లోకంలో, అంటే డార్క్‌వింగ్ లోకంలో, అతనికి తోడుగా ఉండే అమాయకుడు లాంచ్‌ప్యాడ్ అక్కడ నెగాడక్ కింద రౌడీగా పనిచేస్తుంటాడు. మన లోకంలో నెగాడక్‌తో చేతులు కలిపిన నలుగురు దుర్మార్గులు, అంటే మెగావోల్ట్, బుష్‌రూట్, క్వాకర్‌జాక్, లిక్విడేటర్, అక్కడ ‘ఫ్రెండ్లీ ఫోర్’ అనే సజ్జనుల జట్టుగా కనిపిస్తారు.

ఈ నలుగురినీ అభిమానులు వీరులుగా లెక్కించడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ చెడ్డవాడు అక్కడ మంచివాడు కావడం ఆ లోకపు నియమం. అందులో వారి ప్రయత్నం గాని, త్యాగం గాని ఏమీ లేవు. అయాచితంగా దక్కిన మంచితనాన్ని వీరత్వమని ఎలా అంటాం?

పక్షిగూడు:
మేడమీదిగది గారూ, మీరు చెప్పిన నియమాన్ని ఒప్పుకుంటాను. ఆ నియమాన్నే చివరిదాకా వర్తింపజేసి చూడండి. మన లోకపు మెగావోల్ట్ చెడ్డవాడు మాత్రమే కాదు, తెగింపు ఉన్నవాడు కూడా. పట్టపగలు నగరం మొత్తానికీ కరెంటు లేకుండా చేయడానికి జంకడు. అన్నీ తారుమారయ్యే లోకంలో అతని దుర్మార్గం మంచితనమైనట్లే, అతని తెగింపు పిరికితనం కావాలి. ఆ భాగంలో జరిగిందీ అదే. డార్క్‌వింగ్ కలిసేనాటికి ఆ నలుగురూ మంచివాళ్లే గాని, నెగాడక్ పేరు చెబితే వణికిపోయే మంచివాళ్లు. డార్క్‌వింగ్ పురికొల్పి, పోరాటం నేర్పిన తరువాతనే వారు ఎదురు తిరుగుతారు. మంచితనం వారికి ఊరికే వచ్చిందనుకున్నా, ధైర్యం మాత్రం నియమానికి విరుద్ధంగా, స్వభావాన్ని కాదని, వారు తెచ్చుకున్నదే. నా దృష్టిలో వీరత్వం అక్కడే ఉంది.

ఇంకొక సంగతి ఈ ప్రతిరూపాలను నాకు మరింత విలువైనవిగా చేసింది. మన లోకంలో కూడా ఆ నలుగురిలో ముగ్గురు పుట్టుకతో దుర్మార్గులు కారు. మెగావోల్ట్ బడిలో తోటివాళ్ల వేధింపులు పడ్డ విద్యార్థి, వాళ్లు అతని ప్రయోగాన్ని చెడగొట్టబోవడం వల్లనే అతనికి ఆ శక్తులు వచ్చాయి. బుష్‌రూట్ ఒక శాస్త్రవేత్త. మొక్కల్లా ఎండనే ఆహారంగా మార్చుకునే శక్తిని బాతులకు కల్పించాలని పరిశోధిస్తూ, తోటి శాస్త్రవేత్తల హేళనను భరించలేక ప్రయోగాన్ని తన ఒంటిమీదే చేసుకున్నాడు. క్వాకర్‌జాక్ బొమ్మల తయారీదారు, పిల్లలందరూ ఒక వీడియో గేమ్ వెంట పడటంతో అతని వ్యాపారం దివాలా తీసింది. ఈ ముగ్గురి కథల్లోనూ ఫలానా చోట మరోలా జరిగి ఉంటే అని మనం వేలు పెట్టి చూపగలిగే ఘట్టం ఒకటి ఉంది. ఆ మరోలా జరిగిన మనిషి ఎలా ఉంటాడో ఫ్రెండ్లీ ఫోర్ మనకు చూపిస్తుంది.

లిక్విడేటర్ విషయంలో మాత్రం ఈ మాట చెల్లదు. అతను సీసా నీళ్ల వ్యాపారి, పోటీదారుల నీళ్లను కలుషితం చేస్తూ ఆ తొట్టిలోనే పడి నీటిమనిషిగా మారాడు. మారకముందే అతను మోసగాడు.

కొత్తచిగురు:
పక్షిగూడు గారి వాదన బలమైనదే గాని, నెగావర్స్ నలుగురి గతాన్ని కథ చూపదు. వారు బడిలో వేధింపులు పడ్డారో లేదో మనకు తెలియనప్పుడు, ‘మరోలా జరిగిన మనిషి’ అనడం మనం కల్పించిందే అవుతుంది. ఇలాంటి కథల పుట్టుకను కూడా చూడండి. డీసీ కామిక్స్ 1964లో ‘ఎర్త్-త్రీ’ అనే తారుమారు లోకాన్ని సృష్టించినప్పుడు వీరుల దుష్ట ప్రతిరూపాలనే ముందుకు తెచ్చింది. సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్‌కు ఆ లోకంలో ఉన్న మంచి ప్రతిరూపం 1982లో గాని రాలేదు. 2009లో ‘బ్యాట్‌మ్యాన్: ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’లో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్‌కు మంచి ప్రతిరూపమైన రెడ్ హుడ్ కూడా, వేరే లోకం నుంచి వచ్చిన బ్యాట్‌మ్యాన్‌కు తోడు కావాలి కనుకనే వచ్చాడు. వచ్చిన కథానాయకుడికి సాయపడటమే వీళ్ల పని.

పక్షిగూడు:
గతం చూపలేదన్నది నిజం, ఆ మేరకు నా మాటను ఊహగానే తీసుకోండి. సాయపాత్రలన్న దానితో మాత్రం ఏకీభవించలేను. సాయపాత్ర పని కథానాయకుడు వెళ్లిపోవడంతో ముగుస్తుంది, వీరి అసలు పని అతను వెళ్లాకే మొదలవుతుంది. నెగాడక్ ఇంట్లో పెరుగుతున్న అక్కడి గాస్లిన్‌ను గుర్తు చేసుకోండి. అల్లరి పిడుగైన మన గాస్లిన్‌కు పూర్తిగా భిన్నంగా, మెత్తగా మాట్లాడే ఆ పిల్లను విడిచి రావడం, సొంత కూతురిలా గాస్లిన్‌ను పెంచుకుంటున్న డార్క్‌వింగ్‌కు ఎంత కష్టమో ఆ ఘట్టంలో కనబడుతుంది. అతను ఆ పిల్లను అప్పగించి వచ్చింది ఈ నలుగురికే. తన లోకంలో ఆ ముఖాలు ఎదురైతే ఆయుధం తీసేవాడు, అవే ముఖాలను నమ్మి ఒక పసిపిల్లను వదిలి వచ్చాడు.

నాకున్న అసంతృప్తి వేరే. భాగాలు చాలావరకు దేనికవే సాగే ధారావాహిక కనుక, తిరిగి వచ్చిన డార్క్‌వింగ్ తన లోకపు బుష్‌రూట్‌ను వేరే కళ్లతో చూసినట్లు రచయితలు రాయలేదు. హేళనకు గురైన ఆ శాస్త్రవేత్తతో ఒక్కసారైనా అతను నెగావర్స్ ప్రస్తావన తెచ్చి ఉంటే, మేడమీదిగది గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ధారావాహికలోనే దొరికి ఉండేది.