సిగరెట్ మాన్పించడానికి అందరికీ ఒకటే మందా, మనిషిని బట్టి మారాలా?

మూడోసారి:
ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను, రోజుకి ఒక పెట్టె. ఇంతకుముందు రెండుసార్లు మానేశాను. ఒకసారి పదకొండు రోజులు, ఇంకోసారి మూడు నెలలు ఆగగలిగాను. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్తే మందు రాయకముందే బోలెడు ప్రశ్నలు. లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, జ్వరంతో పడుకున్నా తాగుతారా, ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా, ఎప్పుడైనా మూర్ఛలొచ్చాయా. "మీకు తగ్గట్టు చూద్దాం" అన్నారు. ఇదంతా నిజంగా అవసరమా? మానాలనుకున్నవాడు ఎలాగైనా మానేస్తాడా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పట్టుదల:
అక్కర్లేదండీ. 2009లో ఒకరోజు పొద్దున, పెట్టెలో ఏడు మిగిలి ఉండగానే నలిపి పారేశాను. మళ్లీ ముట్టలేదు. ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ లేదు, నమిలే నికోటిన్ గమ్ లేదు, కౌన్సెలింగ్ లేదు. మనిషికో పద్ధతి అంటే మనిషికో సాకు ఇచ్చినట్టే. అయినా నికోటిన్ మాన్పించడానికి మళ్లీ నికోటినే ఇవ్వడమేమిటి?

గోరింట:
మీరు మానగలిగారు, సంతోషం. కానీ ఏ సాయమూ లేకుండా మానేసినవాళ్లలో ఆరు నెలలు, ఏడాది తర్వాత కూడా తాగకుండా ఉండేది నూటికి 3 నుంచి 5 మందే. మిగతా 95 మందికీ మీ పెట్టె కథ చెప్పి ఏం లాభం?

పట్టుదల:
సూటిగా అడుగుతున్నాను. గమ్ నములుతున్నవాడు మానేసినట్టా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఏటిగట్టు:
నాకు సిగరెట్ మాన్పించే బుప్రోపియాన్ మాత్ర రాయబోయి, చిన్నప్పుడు మూర్ఛలొచ్చాయని చెప్పగానే ఆపేశారు. ఆ ప్రశ్నలు ఊరికే అడగరు.

వంతెన:
పొగ మాన్పించే కౌన్సెలింగే నా పని. ముందు అడిగినాయనకి చెప్తాను. "లేచిన ఎంతసేపటికి" అన్న ప్రశ్న ఫాగర్‌స్ట్రామ్ కొలమానంలోది. 0 నుంచి 10 మార్కుల్లో అలవాటు ఎంత గట్టిదో చెప్తుంది. ఎక్కువ బరువున్న ప్రశ్నల్లో అదొకటి. లేచిన 30 నిమిషాల్లోపే వెలిగించేవాళ్లకి 2 మిల్లీగ్రాముల గమ్ ఆనదు, 4 కావాలి. ప్యాచ్ ఒక్కటే కన్నా ప్యాచ్‌తో పాటు గమ్ కూడా వాడితే ఫలితం బాగుంటుంది.

నికోటిన్‌ని కరిగించేది కాలేయంలో సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్. కొందరిలో అది చురుగ్గా, కొందరిలో మెల్లగా పనిచేస్తుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, నికోటిన్ మామూలు వేగంతో కరిగేవాళ్లకి ప్యాచ్ కన్నా వేరెనిక్లిన్ అనే మాత్ర బాగా పనిచేసింది. మెల్లగా కరిగేవాళ్లకి రెండూ ఇంచుమించు ఒకటే, పైగా వేరెనిక్లిన్‌తో ఇబ్బందులు ఎక్కువయ్యాయి. ఆ వేగం తేల్చే రక్తపరీక్ష అందరికీ మామూలుగా చేసేది కాదు. అందుకే అన్ని ప్రశ్నలు అడుగుతాం.

ఇంకో సంగతి. కాఫీ ఎక్కువ తాగే అలవాటుంటే మానే రోజు నుంచి తగ్గించండి. పొగ ఆగాక ఒంట్లో కెఫీన్ మెల్లగా కరుగుతుంది. నిద్ర పట్టక, గుండె దడదడలాడుతుంటే అదీ సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ వెలిగించేవాళ్లని చూశాను.

పట్టుదల:
పాఠం బాగుంది. నా ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. 2016లో ఒక పరిశోధన వచ్చింది. ఒక్కసారిగా మానినవాళ్లలో నాలుగు వారాల తర్వాత 49 శాతం నిలబడ్డారు, మెల్లమెల్లగా తగ్గించినవాళ్లలో 39 శాతమే. నేను చెప్తున్నదీ అదే.

వంతెన:
అందులో రెండు జట్లకీ నికోటిన్ ఇచ్చారండీ, రెండు జట్లకీ కౌన్సెలింగ్ కూడా ఉంది. ఒక్కసారిగా మానడం వేరు, ఒంటరిగా మానడం వేరు. మీ ప్రశ్నకి జవాబు: సిగరెట్ మానేసినట్టే. మనిషిని కట్టేసేది నికోటిన్, చంపేది పొగ.

పట్టుదల:
నేను ఒప్పుకోను. చేతికర్ర పట్టుకున్నవాడు నడిచినట్టు కాదు.

నీలిమేఘం:
అడిగినాయన్ని అందరూ మర్చిపోయారు.

గోరింట:
చేతికర్ర అంటే గుర్తొచ్చింది. మా నాన్న ఆరుసార్లు మానేయాలని చూశారు. ఓడిపోయిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ అన్నది ఒకటే మాట, "నీకు పట్టుదల లేదు". నేనూ అన్నాను. ఆఖరిసారి మానేశానని చెప్పి దొంగచాటుగా తాగారు. సిగ్గుతో డాక్టరుకి కూడా అబద్ధం చెప్పారు. దగ్గులో రక్తం పడేదాకా మాకు తెలియలేదు. ఒక్కరైనా ఆయన్ని కూర్చోబెట్టి "ఏ వేళకి తట్టుకోలేకపోతున్నావు" అని అడిగి ఉంటే! మీ పేరు చూస్తేనే ఒళ్లు మండుతోంది నాకు.

పట్టుదల:
మీ నాన్నగారి సంగతి విని బాధగా ఉంది. కానీ నా మీద పడితే ఏం లాభం? ఎంజైమ్ తప్పు, జన్యువు తప్పు, ఇంట్లోవాళ్ల తప్పు. మనిషి తప్పు అంటూ ఏదీ ఉండదా? మా తమ్ముడికి నేనే గమ్ కొనిపెట్టాను. కడుపులో మంట, ఎక్కిళ్లు అని నాలుగో రోజుకి పారేశాడు. ఒక ఇంట్లో పెరిగాం, మొదటి సిగరెట్ ఇద్దరం కలిసే కాల్చాం. నేను మానగలిగినప్పుడు వాడికేం? ఆ మాటే మొహమ్మీద అన్నాను. రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవు.

గోరింట:
అయితే ఇదా సంగతి. గమ్ గురించి కాదు మీ గొడవ. మీ తమ్ముడిది చేతగానితనం కాదని తేలితే, మీది గొప్పతనం కాకుండా పోతుందని.

పట్టుదల:
అవును, అనుకోండి. ఆ మూడు వారాలు గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఉద్యోగం పోయేంత పని చేశాను. మా ఆవిడకి కూడా పూర్తిగా తెలియదు. ఇప్పుడొచ్చి అదంతా నా కాలేయం చలవ అంటే ఎలా ఒప్పుకుంటాను?

వంతెన:
అది మీ కష్టమే, ఎవరూ కాదనరు. తమ్ముడుగారి గమ్ గురించి ఒక్కటి అడుగుతాను. ఎలా నమలాలో ఆయనకి ఎవరైనా చూపించారా? గబగబా నమిలి రసం మింగేస్తే కడుపులో మంట, ఎక్కిళ్లు రావడం ఖాయం. ఘాటు తగిలేదాకా మెల్లగా నమలాలి, తర్వాత బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఊరుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి. అలా ఒక్కో గమ్ అరగంట రావాలి. ఆయన పొద్దున ఎప్పుడు వెలిగించేవారు?

మూడోసారి:
నేనెక్కడికీ పోలేదండీ, అన్నీ చదువుతున్నాను. నాకూ రెండోసారి ఎక్కిళ్లొచ్చే గమ్ ఆపేశాను. ఇలా నమలాలని ఇప్పుడే తెలిసింది.

పట్టుదల:
వంతెన గారూ, వాడు పళ్లు తోముకోకముందే వెలిగించేవాడు. మంచం దిగకుండానే. నేను ఆఫీసుకి వెళ్లేదాకా ముట్టేవాణ్ణి కాదు. గమ్ నాకు తోచింది తెచ్చిచ్చాను, ఎవర్నీ అడగలేదు. 2 మిల్లీగ్రాములది.

4ది అయితే రోజుకి ఎన్ని నమలచ్చు?

వంతెన:
మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి. రోజుకి 24 దాటకూడదు. గుండె జబ్బు గానీ వేరే మందులు గానీ ఉంటే ముందు డాక్టరుకి చెప్పాలి. అవి మీ తమ్ముడుగారినే అడగాలండీ, మీరు చెప్తే సరిపోదు.

పట్టుదల:
నంబరు మార్చాడో ఏమో. చూస్తాను.