బాబుకి షుగర్ 342 వచ్చింది, పరగడుపు టెస్టు దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. రెండు వారాలుగా నీళ్లు తెగ తాగుతున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. లాగులు నడుం దగ్గర నిలవట్లేదు. ఇందాక తాతగారి గ్లూకోమీటర్‌తో చూస్తే 342. రేపు పొద్దున పరగడుపున చేయించి, హెచ్‌బీఏ1సీ కూడా చూపిద్దామా?

జవాబు: రేపటిదాకా వద్దండీ. ఇప్పుడే పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. ఈ లక్షణాలున్న పిల్లల్లో షుగర్ ఏ వేళ చూసినా 200, ఆపైన ఉంటే డయాబెటిస్ కిందే లెక్క. ల్యాబ్ రక్తపరీక్షతో వాళ్లు ఖాయం చేసుకుంటారు. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే టైప్ 1 డయాబెటిస్ వారాల్లోనే ముదిరిపోతుంది కాబట్టి ఆ అంకె ఒక్కోసారి మామూలుగానే ఉండి మోసం చేస్తుంది.

అక్కడ కీటోన్లు చూశారో లేదో అడగండి. ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంటే రక్తంలో ఈ కీటోన్లు తయారై ఆమ్లం పేరుకుంటుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి, నోట్లోంచి పండిన పళ్ల వాసన, మగత దాని గుర్తులు. వాంతుల్ని అజీర్తి అనీ, ఆయాసాన్ని నిమ్ము అనీ పొరబడేది ఇక్కడే. వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకే.

ప్రశ్న: అడ్మిట్ చేశారు. టైప్ 1 అన్నారు. మాత్రలతో కుదరదా? ఇంటికెళ్లాక ఎలాగో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కుదరదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతిన్నాయి, దాన్ని బయటినుంచి ఇవ్వాల్సిందే. మీరు తీపి పెట్టడం వల్ల వచ్చింది కాదు, ఎవరేమన్నా పట్టించుకోకండి.

మా పాప విషయంలో నాకు తెలిసినంతలో చెప్తున్నా, డోసుల సంగతి మాత్రం మీ డాక్టరుదే. కొన్ని వారాలకు డోసు బాగా తగ్గిపోవచ్చు. నయమైందని చెప్పేవాళ్లు సరిగ్గా అప్పుడే పుట్టుకొస్తారు. మిగిలిన కణాలు కాస్త తేరుకున్నాయంతే, ఇన్సులిన్ ఆపొద్దు. జ్వరమొచ్చి అన్నం తినకపోయినా పూర్తిగా ఆపకూడదు. కీటోన్లు చూసి డాక్టరుకి ఫోన్ చేయండి.

షుగర్ మరీ పడిపోవడాన్ని హైపో అంటారు. చెమటలు, వణుకు, ఊరికే చిరాకు కనిపిస్తే ముందు మీటర్ తీయండి. 70 కంటే తక్కువుంటే వెంటనే గ్లూకోజ్ నీళ్లు, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

డిశ్చార్జి కాకముందే నర్సు ఎదుట మీరిద్దరూ చెరోసారి సూది వేసి చూపించండి. మా ఇంట్లో ఒక్కరికే వచ్చేది, నానా తిప్పలు పడ్డాం. స్కూల్లో ఇవ్వడానికి హైపో సూచనలు కాగితం మీద రాయించుకోండి.