ఫండ్ అకౌంటింగ్ నుంచి రీసెర్చ్‌కి మారినవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా?

ఉప్పల్_బీకాం:
అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో ఒక అమెరికన్ ఫండ్ కంపెనీ సెంటర్‌లో ఫండ్ అకౌంటింగ్ చేస్తున్నాను. నైట్ షిఫ్ట్. న్యూయార్క్ మార్కెట్ మూసేసరికి మనకి రాత్రి ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. అప్పుడు ధరలు వస్తాయి, ఎన్ఏవీ (ఫండ్‌లో ఒక్కో యూనిట్ విలువ) వేసి, సరిచూసి పంపేసరికి తెల్లవారుతుంది. పని వచ్చింది, జీతం పర్వాలేదు. కానీ ఈ షేర్ ఎందుకు కొన్నారు, ఆ షేర్ ఎందుకు అమ్మారు అన్నది మా దాకా రాదు. నాకు చేయాలని ఉన్నది ఆ పనే. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ కోర్సు, మూడు లెవెల్స్) కట్టమని ఒకరు, ఎంబీఏ అని ఒకరు, ముంబై వెళ్లిపోమని ఒకరు. నాన్నగారు రిటైరయ్యారు, ఇంట్లో నా పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఫలితం తెలియని ఫీజులు కట్టే పరిస్థితి లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.

లెవెల్‌టూ_అయింది:
సీఎఫ్ఏ గురించి మాత్రం చెప్తాను. ఒక్కో లెవెల్‌కి సుమారు 300 గంటలు చదవాలని ఆ సంస్థే అంటుంది. రిజిస్ట్రేషన్ మన డబ్బుల్లో లెవెల్‌కి దాదాపు లక్ష. మూడూ పాసైనా చార్టర్ (చివర ఇచ్చే పట్టా) రావాలంటే కనీసం 36 నెలల్లో 4,000 గంటల అనుభవం ఉండాలి. అది పెట్టుబడి నిర్ణయాలకు తోడ్పడే పని అయి ఉండాలి. మీ కంపెనీ ఫీజు తిరిగి ఇస్తుందేమో ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. మాది ఇచ్చింది.

మలక్‌పేట_ఫార్మా:
చెల్లీ, 2011లో నేను చేసింది నీ పనే. అదే షిఫ్టు, అదే తెల్లవారుజాము క్యాబ్. ఇప్పుడు ఒక ఇండియన్ ఫండ్‌కి ఫార్మా కంపెనీల మీద రీసెర్చ్ చేస్తున్నాను.

మనలాంటి బ్యాక్ ఆఫీస్ వాళ్లు రీసెర్చ్‌కి పనికిరారని అప్పట్లో మా పెద్ద మేనేజర్ ఒకాయన నా ఎదురుగానే అన్నాడు. నీతోనూ ఎవరైనా అంటారు. నమ్మకు. నువ్వు రోజూ చేస్తున్నదేంటి? ఫండ్ ఆస్తులు భద్రపరిచే కస్టోడియన్ చూపించిన క్యాష్‌కీ మన పుస్తకాల్లో క్యాష్‌కీ పొంతన ఉందా అని చూస్తున్నావు. తేడా ఉంటే దొరికేదాకా వదలవు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ఒకసారి చదువు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. నేనప్పుడు కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ ఫైనల్ ఇయర్. మా వీధిలో ఆ కంపెనీలో పనిచేసేవాళ్లున్నారు, వాళ్లిళ్లలో ఆ వారం పొయ్యి వెలగనంత పనైంది. గ్రోత్ గురించి అంతమంది రాశారు, బ్యాంకులో డబ్బుందా అని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. నీ ఉద్యోగం నీకు నేర్పుతున్నది ఆ ప్రశ్నే.

దానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబర్ 16న, రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు కొంటామని సత్యం ప్రకటించింది. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని ఆ ఉత్తరంలోనే ఉంది. జనం డబ్బు చూసుకునేవాళ్లు మొహం మీద వద్దని చెప్పగలిగితే ఏం జరుగుతుందో అప్పుడు చూశాను. ఈ వృత్తి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఇక దారి. నేను ఒక్క గెంతులో రాలేదు. ముందు ఐజేపీలో, అంటే కంపెనీ లోపలే వేరే పోస్టుకి అప్లై చేసుకునే పద్ధతిలో, పర్ఫార్మెన్స్ అట్రిబ్యూషన్ టీమ్‌కి మారాను. ఫండ్‌కి వచ్చిన లాభంలో సెక్టార్ ఎంపిక వల్ల ఎంత, షేర్ ఎంపిక వల్ల ఎంత అని విడదీసే పని. నెల నెలా ఫండ్ మేనేజర్‌తో మాట్లాడాల్సి వచ్చేది. నువ్వడిగిన ‘ఎందుకు కొన్నారు’ అక్కడ వినిపిస్తుంది. మన ఊళ్లోని సెంటర్లలో ఈ పని ఉంది, కనపడితే అప్లై చెయ్యి.

దాంతోపాటు కంపెనీల మీద సొంతంగా నోట్స్ రాసేదాన్ని. 2017 మార్చిలో ఫార్మా కంపెనీ దివీస్ విశాఖ యూనిట్ మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంపోర్ట్ అలర్ట్ (ఆ యూనిట్ సరుకు అమెరికాలోకి రాకుండా ఆపే ఉత్తర్వు) పెట్టింది, షేర్ బాగా పడింది. ఆ అలర్ట్‌లో కొన్ని ఉత్పత్తులకు మినహాయింపు ఉంది. ఆ జాబితా తీసుకుని, అమ్మకాల్లో నిజంగా ఆగిపోయేది ఎంతో లెక్కకట్టి రాశాను. అదే ఏడాది నవంబర్‌లో అలర్ట్ ఎత్తేశారు. ఆ నోట్ పట్టుకునే ముంబై ఇంటర్వ్యూకి వెళ్లాను. వాళ్లు నా డిగ్రీని పట్టించుకోలేదు, ఈ అంకె ఎక్కడిదని అడుగుతూ కూర్చున్నారు.

ముంబై విషయం దాచను. మన దేశపు ఫండ్ల ఇన్వెస్ట్‌మెంట్ టీములు ఎక్కువగా అక్కడే. వెళ్లాను. జీతం తగ్గింది, ఇల్లు చిన్నదైంది, అమ్మ గొడవ చేసింది. ఫార్మా కాబట్టి తర్వాత ఇక్కడినుంచే చేసే వీలు దొరికింది. జీడిమెట్ల, పాశమైలారం, చౌటుప్పల్ ప్లాంట్లు మనకి దగ్గర కదా. అందరికీ అలా కుదరదు.

సీఎఫ్ఏ మంచి చదువే. కానీ లక్ష కట్టేముందు ఒక్క నోట్ రాసి చూడు. రాస్తుంటే నిద్ర గుర్తురాకపోతే అప్పుడు కట్టు. ఈలోగా మార్కెట్ ఉద్యోగాలకు సర్టిఫికెట్ పరీక్షలు పెట్టే ఎన్ఐఎస్ఎం వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాయి, ఫీజు రెండు వేల లోపే.

కూకట్‌పల్లి_అడ్వైజర్:
మేడమ్ బాగా చెప్పారు. ఇంకో దారి కూడా ఉందమ్మా. నేను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీలో రిజిస్టరైన పెట్టుబడి అడ్వైజర్‌ని, దానికి ఎన్ఐఎస్ఎం 10-ఎ, 10-బి పరీక్షలు రాశాను. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పైగా పడింది. ఆ రోజు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఫోన్లే. రిటైరైన ఆర్టీసీ ఉద్యోగి ఒకాయన పెట్టుబడి మొత్తం తీసేయమని ఏడుపు గొంతుతో అడిగారు. రెండేళ్ల ఖర్చులు విడిగా ఎఫ్‌డీలో పెట్టించి ఉన్నాం కదా అని గుర్తుచేస్తే ఆగారు. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే ఇటు కూడా ఆలోచించండి.

ఉప్పల్_బీకాం:
అక్కా, చాలా థ్యాంక్స్. ఒక సందేహం. మా ఆఫీసులో సొంతానికి షేర్ కొనాలన్నా కంప్లయన్స్ (రూల్స్ చూసే విభాగం) పర్మిషన్ కావాలి. ఇలా నోట్స్ రాస్తే ఇబ్బందా? ఏ కంపెనీతో మొదలుపెట్టాలి?

మలక్‌పేట_ఫార్మా:
మంచి పని చేశావు అడిగి. కంప్లయన్స్‌కి ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకో. మీ ఫండ్లలో ఉన్న షేర్ల జోలికి పోకు, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకు, బయట అందరికీ దొరికే సమాచారం తప్ప ఏదీ ముట్టుకోకు. సోషల్ మీడియాలో కొనండి, అమ్మండి అని పెట్టకు. దానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

మీ ఫండ్లలో లేకపోతే మాసబ్‌ట్యాంక్ ఎన్ఎండీసీతో మొదలుపెట్టు. ఇనుప ఖనిజం ఎంత తవ్వారు, ఎంత అమ్మారు అన్నది నెలనెలా ఎక్స్ఛేంజ్‌కి ఇస్తారు, ధరలూ ప్రకటిస్తారు. లెక్క నీ చేతికి అందుతుంది. నాలుగు పేజీలు చాలు. డబ్బు ఎలా వస్తుంది, లాభానికీ చేతికొచ్చిన క్యాష్‌కీ తేడా ఎంత, ఉన్న క్యాష్ మీద వచ్చిన వడ్డీ ఎఫ్‌డీ రేట్లకి దగ్గరగా ఉందా, ఏం జరిగితే నీ అంచనా తలకిందులవుతుంది. ఆ చివరి పేరా మాత్రం ఎంత కష్టమైనా రాయి, ఇంటర్వ్యూలో నేను మొదట చదివేది అదే. అయ్యాక ఇక్కడే మెసేజ్ పెట్టు, చదివి ఎక్కడెక్కడ తేలిపోయిందో రాసి పంపుతాను.