దసరా సాయంత్రంలో బెర్ట్ కెంప్‌ఫెర్ట్ అంశం: ఎవరు ఏం చూసుకోవాలి

సంగీతం
అందరికీ నమస్కారం, సంగీతం బృందం నుంచి. దసరా సాయంత్రం 6:40 నుంచి 7:05 దాకా జర్మన్ స్వరకర్త, వాద్యబృంద నాయకుడు బెర్ట్ కెంప్‌ఫెర్ట్‌కి ఖాయం చేశాం. ఆయన పుట్టింది మన హాంబుర్గ్‌లోనే, బార్మ్‌బెక్‌లో, 1923 అక్టోబరు 16న. పిలిచిన జర్మన్ ఇరుగుపొరుగు వాళ్లకి పేరు వినగానే తెలుస్తుంది. మనవాళ్లలో చాలామందికి పేరు తెలియకపోయినా బాణీ వినిపిస్తే "ఇది ఆయనదా!" అంటారు.

వాయించే వరుస ఇది.
1. వండర్‌లాండ్ బై నైట్, ట్రంపెట్ ముందుండి. 3:15
2. ముస్ ఇ డెన్, పిల్లల పాట. 2:30
3. ఎ స్వింగిన్ సఫారీ, వేణువు. 3:00
4. స్పానిష్ ఐస్, వయొలిన్లు, మాటల్లేని కోరస్. 3:00
5. స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్, అందరూ కలిసి. 3:30

మొత్తం 15 నిమిషాల పైచిలుకు. మధ్యలో నాలుగు వ్యాఖ్యానాలు, ఒక్కోటి నిమిషంన్నర. మిగిలిన మూడు నిమిషాల పైచిలుకు మనుషులు వేదిక ఎక్కడానికి, దిగడానికే పోతాయి. అందుకే ఆరో పాట వద్దంటున్నాను. ఎల్-ఓ-వీ-ఈ కూడా పెట్టమని ఇద్దరు అడిగారు. 1964లో నాట్ కింగ్ కోల్ పాడిన ఆ పాటకి బాణీ ఈయనదే, కాని దానికి మంచి గాయకుడు కావాలి. ఈ అంశంలో మాటలతో పాడేది పిల్లలు మాత్రమే.

ఈ వరుసకి కారణం ఉంది. మొదటిది ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేసిన రికార్డు. ట్రంపెట్ వాయించింది చార్లీ టాబర్. 1961 జనవరిలో అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఒక జర్మన్ వాద్యబృందం, మాటలు పాడే గొంతు లేకుండా, అక్కడికి చేరింది. కార్యక్రమం దాంతో మొదలైతేనే తర్వాతివాటికి బలం.

వేదిక, శబ్దం
అన్నా, బ్యాండ్‌లో ఎంతమంది? మా దగ్గర 16 చానళ్ల మిక్సర్ ఉంది, అందులో రెండు వ్యాఖ్యాతలకే పోతాయి. సబ్‌వూఫర్లు రెండు తెస్తున్నాం, బాస్ బాగా దించి వినిపిద్దాం.

సంగీతం
పదకొండు మంది, కోరస్ ఆరుగురు. చానళ్లు ఇలా: ట్రంపెట్ 1, వయొలిన్లు 4, వేణువు 1, కీబోర్డు 2, బాస్ గిటార్ 1, గిటార్ 1, డ్రమ్స్ 2 (పైనుంచి ఒకటి, కిక్‌కి ఒకటి), కోరస్ 2. పద్నాలుగు. మీ రెండూ కలిపితే సరిగ్గా పదహారు. పిల్లలు కోరస్ మైకుల్లోనే పాడతారు, వాళ్ల పాటప్పుడు కోరస్ వెనక్కి జరుగుతుంది.

సబ్‌వూఫర్ల మాట మాత్రం ఒప్పుకోను తమ్ముడూ. కెంప్‌ఫెర్ట్ రికార్డుల్లో బాస్ కిందికి దిగి మోగదు, "టక్, టక్" అని పైకి తేలుతుంది. జర్మన్లు దాన్ని క్నాక్‌బాస్ అంటారు. వాయించింది ప్రాగ్‌లో పుట్టి హాంబుర్గ్‌లో స్థిరపడ్డ లాడీ గైస్లర్. ఆయన బాస్ గిటార్‌ని వేలితో కాకుండా ప్లెక్ట్రమ్‌తో (మీటే చిన్న పలకతో) మీటి, మీటిన వెంటనే తీగ నొక్కేసేవాడు. కింద నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం) అదే వరుస వాయిస్తుంది. నిండుదనం దానిది, చురుకు దీనిది. రేడియోలో రెండు సెకన్లు వింటే చాలు, ఇది కెంప్‌ఫెర్ట్ అని చెప్పేది ఆ "టక్" శబ్దమే. అది కుదరకపోతే మిగతాదంతా కుదిరినా మామూలు హోటల్ సంగీతం అయిపోతుంది.

బాస్ వాయించే తమ్ముడికి:
తీగలు నున్నగా చుట్టినవి వెయ్యి, గరుకు తీగలు కిర్రుమంటాయి. బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మ) పక్కన తీగల కింద మెత్తటి ఫోమ్ ముక్క పెట్టు, వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు, తీగకి తగిలీ తగలనట్టు. మందం ఎక్కువైతే స్వరం పోయి చెక్క మీద కొట్టినట్టుంటుంది. తక్కువైతే స్వరం సాగి తర్వాతి స్వరం మీద పడుతుంది. ఎలా తెలుస్తుందంటే, ఒక్క స్వరం మీటి "ఒకటి" అను. మాట పూర్తయ్యేలోపు శబ్దం ఆగాలి, కాని అది ఏ స్వరమో చెవికి తెలియాలి. ఫోమ్ చాలదనిపిస్తే కుడి అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించు. ప్లెక్ట్రమ్ గట్టిది వాడు. బలం చూపించక్కర్లేదు, అన్ని మీట్లూ ఒకే బరువుతో పడాలి.

మన దగ్గర నిలువు బాస్ లేదు కాబట్టి రెండో కీబోర్డులో అకూస్టిక్ బాస్ శబ్దం పెట్టి, అదే వరుస ఎడమ చేత్తో వాయించాలి. రెండూ కచ్చితంగా ఒకే క్షణంలో పడాలి. కీబోర్డు ముందు పడితే "టక్" మునిగిపోతుంది.

వేదిక, శబ్దం
అర్థమైంది అన్నా. అయితే బాస్ చానల్‌కి రివర్బ్ (ప్రతిధ్వని) సున్నా పెడతాను, 80 హెర్ట్జ్ కింద కోసేస్తాను, మీటు వినపడే 1 నుంచి 2 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం లేపుతాను. వయొలిన్లకి, కోరస్‌కి మాత్రం రివర్బ్ ధారాళంగా. హాల్లో మొత్తం శబ్దం మిక్సర్ దగ్గర 80 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంచుదాం.

ట్రంపెట్ ఎక్కడ నిలబడతారు?

సంగీతం
వేదిక ఎడమ చివర, వయొలిన్లకి కనీసం మూడు మీటర్ల దూరంలో, ట్రంపెట్ నోరు హాలు వైపు. వయొలిన్ల వైపు తిరిగిందా, ఆ నాలుగు మైకుల్లోనూ ట్రంపెటే వినపడుతుంది.

వయొలిన్లు
మాలో ఇద్దరం పాశ్చాత్య పద్ధతి, ఇద్దరం కర్ణాటక పద్ధతి. స్ట్రేంజర్స్‌లో నలుగురికీ వేర్వేరు వరుసలు రాయమంటారా, హార్మొనీ కోసం?

సంగీతం
వద్దండీ. నలుగురూ ఒకే స్వరం, ఒకే స్థాయి. కెంప్‌ఫెర్ట్ అమరికలో వినేవాడికి అడ్డం పడేది ఏదీ ఉండదు. తీగ వాద్యాలు బాణీని పొడుగ్గా, నిదానంగా లాగుతాయి. ఇత్తడి వాద్యాలు మెత్తగా కింద నుంచి తోస్తాయి. కోరస్ "ఆ" అనో "ఊ" అనో పరుచుకుని ఉంటుంది. ఈ మూడు పొరలూ కదలకుండా ఉంటాయి కాబట్టే కింద బాస్ గెంతుతున్నట్టు వినిపిస్తుంది. మీరు నాలుగు దారుల్లో వెళ్తే నలుగురు సన్నగా వినపడతారు, కలిస్తే పన్నెండు మందిలా ఉంటారు. మిగతా నిండుదనం మొదటి కీబోర్డు స్ట్రింగ్స్ ఇస్తుంది, మీ శబ్దంలో మూడో వంతుకి మించకుండా.

కర్ణాటక పద్ధతి వాళ్లకి మూడు సంగతులు.
ఒకటి, గమకం పూర్తిగా మానాలి. స్వరం మీద సూటిగా దిగి అక్కడే నిలబడాలి. ఒక్కరు గమకం వేసినా నలుగురి శ్రుతీ చెదిరినట్టు వినిపిస్తుంది. ఇది అలవాటుగా వచ్చేది కాబట్టి చెప్పినంత తేలిక కాదు, రోజూ పది నిమిషాలు ట్యూనర్ ముందు పొడుగు విల్లు లాగండి.
రెండు, స-ప-స-ప నుంచి జి-డి-ఎ-ఇ కి తీగలు మార్చాలి. రెండు వారాల ముందే మార్చండి. వేళ్లకి కొత్త చోట్లు అలవాటు కావాలి, కొత్త బిగువుకి తీగలూ నిలదొక్కుకోవాలి. సన్న తీగ ఒక్కసారే ఎక్కిస్తే తెగుతుంది. అదనపు తీగలు రెండు దగ్గర ఉంచుకోండి.
మూడు, విల్లు మార్చేది నలుగురూ ఒకేచోట. స్కోరు మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపుతాను.

శ్రుతి విషయం అందరికీ: ట్రంపెట్ వాయించే జర్మన్ మిత్రుడి ఆర్కెస్ట్రా ఎ స్వరాన్ని 442 హెర్ట్జ్‌కి కలుపుకుంటుంది. మన కీబోర్డులు, తంబురా యాప్‌లు 440. వెదురు వేణువు కూడా 440కే కోసింది, మార్చడం కష్టం. కాబట్టి అందరం 440. ట్రంపెట్ ట్యూనింగ్ గొట్టం కొంచెం బయటికి లాగితే సరిపోతుంది. చివరి నిమిషంలో ఎవరూ కీబోర్డు ముట్టుకోవద్దు.

ఇంకో ప్రమాదం స్వరాల పేర్లలో ఉంది. ట్రంపెట్ మిత్రుడు "బే" అంటే మనం బి-ఫ్లాట్ అనేది. మనం బి అనేదాన్ని జర్మన్లు "హా" అంటారు. పైగా ట్రంపెట్ కాగితం కీబోర్డు కాగితం కంటే ఒక పూర్తి స్వరం పైన రాసి ఉంటుంది. రిహార్సల్లో "ఏ స్వరం?" అని నోటితో అడక్కండి, కీబోర్డు మీద నొక్కి వినిపించండి. సగం గొడవ అక్కడే పోతుంది.

అనుమతులు, ఖర్చులు
గెమా (జర్మనీలో పాటల హక్కుల రుసుము వసూలు చేసే సంస్థ) నమోదు కార్యక్రమానికి ముందే అయిపోవాలి. చెప్పకుండా చేస్తే రుసుము రెట్టింపు వేయగలరు. మన సినిమా పాటలకీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి సాయంత్రం మొత్తానికి ఒకే నమోదు చేస్తున్నాను. అయిపోయాక వాయించిన పాటల పట్టిక పంపాలి. పాట పేరు, స్వరకర్త, నిడివి వాయించినవి వాయించినట్టు రాయాలి.

స్ట్రేంజర్స్‌కి తెలుగు మాటలు రాసి పాడదామని సాహిత్యం బృందం అక్క అడిగారు. మాటలు చాలా బాగున్నాయి. కాని కుదరదక్కా. కెంప్‌ఫెర్ట్ 1980లో పోయారు. ఇక్కడ హక్కు మరణం తర్వాత 70 ఏళ్లు, అంటే కనీసం 2050 చివరిదాకా. ఉన్నది ఉన్నట్టు వేదిక మీద వాయించడానికి గెమా చాలు. కొత్త మాటలు పెట్టాలంటే ప్రచురణ సంస్థ అనుమతి విడిగా రావాలి, దానికి మనకి టైము లేదు.

స్కోరు కాగితాలు కూడా జిరాక్స్ తీయకండి. నోట్స్ నకలు తీయడం ఇక్కడ మామూలు పుస్తకం లాంటిది కాదు, కొన్న ప్రతులే వాడాలి. పదకొండు మందికి సెట్లు ఆర్డరు పెట్టాను.

సంగీతం
అక్కా, మీ మాటలు రెండో పాటకి మార్చి రాయగలరా? ముస్ ఇ డెన్ దక్షిణ జర్మనీలోని స్వాబియా జానపదం, ఫ్రీడ్రిష్ జిల్షర్ 1827లో అచ్చు వేయించిన పాట. ఆ మూల బాణీ మీద ఎవరి హక్కూ లేదు. ఊరు వదిలి వెళ్తూ "నువ్వు ఇక్కడే ఉండు, తిరిగొస్తాను" అని చెప్పే పాట, ఈ హాల్లో కూర్చునే ప్రతి కుటుంబానికీ తగులుతుంది. దీన్ని 1960లో ఎల్విస్ ప్రెస్లీ సినిమా కోసం వుడెన్ హార్ట్‌గా మలచడంలో కెంప్‌ఫెర్ట్ చెయ్యి ఉంది. మనం మాత్రం వుడెన్ హార్ట్ ముట్టుకోం, జానపదం దగ్గరే ఆగుతాం. పిల్లలు ఒక చరణం జర్మన్‌లో, ఒక చరణం మీ తెలుగులో పాడితే చక్కగా అమరుతుంది.

స్లైడ్లు, వ్యాఖ్యానం
రాసింది పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి. "బీటిల్స్‌ని కనిపెట్టిన కెంప్‌ఫెర్ట్, దక్షిణాఫ్రికా వెళ్లి సఫారీ రాశారు. ఫ్రాంక్ సినాత్రా కోసం స్ట్రేంజర్స్ కట్టారు."

సంగీతం
మూడూ మార్చాలండీ. జర్మన్ అతిథుల్లో ఈ సంగతులు నోటికొచ్చినవాళ్లు ఉంటారు.

బీటిల్స్: "కనిపెట్టారు" వద్దు. 1961లో వాళ్లు ఇక్కడి క్లబ్బుల్లో గాయకుడు టోనీ షెరిడన్ వెనక వాయిస్తున్నారు. జూన్‌లో హార్బుర్గ్‌లోని ఫ్రీడ్రిష్ ఎబెర్ట్ హాల్లో మై బోనీ రికార్డు చేయించిన నిర్మాత కెంప్‌ఫెర్ట్. రికార్డు మీద బృందం పేరు బీట్ బ్రదర్స్ అని పడింది. 1962లో బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ అడిగితే ఒప్పందం గడువుకి ముందే వదిలిపెట్టారు. ఆ చివరి వాక్యం తప్పకుండా పెట్టండి, మనిషి ఎలాంటివాడో అది చెబుతుంది.

సఫారీ: 1962 నాటిది. దక్షిణాఫ్రికా వీధుల్లో రేకు పిల్లనగ్రోవి మీద వాయించే క్వేలా సంగీతం ఆధారం అని రాయండి, చాలు. వెళ్లారని రాయకండి. అదే ఆల్బమ్‌లో దట్ హ్యాపీ ఫీలింగ్ ఆయన బాణీ కాదు, ఘనా డ్రమ్మర్ గై వారెన్‌ది. ఆ పేరు చెప్పడం న్యాయం.

స్ట్రేంజర్స్: ఎ మేన్ కుడ్ గెట్ కిల్డ్ అనే 1966 సినిమా నేపథ్య సంగీతంలోని ముక్క అది, అప్పట్లో పేరు బెడ్డీ బై. మాటలు తర్వాత చార్లెస్ సింగిల్టన్, ఎడ్డీ స్నైడర్ రాశారు. ఆ ఇద్దరే మూన్ ఓవర్ నేపుల్స్ అనే ఆయన బాణీకి మాటలు పెడితే స్పానిష్ ఐస్ అయింది. ఆయన బాణీలు చాలావరకు మాటల కంటే ముందు పుట్టి, మాటలు లేకుండానే నిలబడ్డాయి. మనం పాడకుండా వాయిస్తున్నది అందుకే, వ్యాఖ్యానంలో ఇది ఒక వాక్యంగా రావాలి.

హెర్బెర్ట్ రేబైన్ పేరు ఎక్కడా లేదు. ఎన్నో బాణీల్లో, అమరికల్లో ఆయన సహరచయిత. స్లైడ్ మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయండి.

ఫొటోలు నెట్‌లోంచి తీయకండి. బార్మ్‌బెక్ స్టేషన్లో దిగితే, కార్మిక మ్యూజియం దగ్గరే బెర్ట్ కెంప్‌ఫెర్ట్ ప్లాట్స్ అనే కూడలి ఉంది. అక్కడి పేరు పలక పొద్దున పూట మనమే తీసి పెడదాం.

వంటశాల
6:40కి వేడి బజ్జీలు పెడదామనుకున్నాం. ఇబ్బందా?

వేదిక, శబ్దం
రెండు విధాలా ఇబ్బందే వదినా. ఇంత మెత్తటి సంగీతంలో పళ్లేల చప్పుడు మొదటి వరుస దాకా వస్తుంది. రెండోది కరెంటు. గోడ ప్లగ్గుల లైను ఒక్కోదానికి 16 ఆంపియర్లు, 230 వోల్టుల మీద 3,680 వాట్లే. ఇడ్లీ స్టీమరు ఒక్కటే 3,000 లాగుతుంది. పక్కన టీ బాయిలరు పెడితే ఫ్యూజు పడిపోతుంది, మన మిక్సరు అదే లైను మీద ఉంటే ట్రంపెట్ మధ్యలో హాలు మూగబోతుంది. వంటశాల గోడ లైను మీకు, వేదిక వెనక లైను మాకు. ఎక్స్‌టెన్షన్ తీగ అటూ ఇటూ దాటకూడదు.

వంటశాల
సరే బాబూ. 6:30కి కౌంటర్ మూసేస్తాం, 7:05కి తెరుస్తాం. స్టీమరు ఆ అరగంట ఆపే ఉంటుంది. బజ్జీ పిండి కలిపి పెట్టుకుని, చివరి పాట మొదలయ్యాక నూనె వేడి చేస్తాం.

సంగీతం
ధన్యవాదాలు వదినా, సంతోషం. మిగిలింది రిహార్సల్. మొదటిది బాస్, రెండు కీబోర్డులు, డ్రమ్స్ మాత్రమే, గంటన్నర. డ్రమ్స్ బ్రష్‌లతోనే, కర్రలు తేవద్దు. రెండోదానికి వయొలిన్లు, ట్రంపెట్, వేణువు కలుస్తారు. మూడోది కోరస్‌తో సహా హాల్లోనే. పండగ రోజు మధ్యాహ్నం 3:00కి సౌండ్ చెక్, ముందు బాస్ ఒక్కటే. "టక్" చివరి వరుస కుర్చీలో వినపడ్డాకే మిగతా మైకులు తెరుద్దాం.

ఖాళీగా ఉన్న పనులు రెండే: వేదిక మీద కుర్చీలు మార్చడానికి ఇద్దరు, పిల్లల్ని వరుసలో నిలబెట్టడానికి ఒకరు. శుక్రవారం లోపు ఇక్కడే కింద పేరు రాయండి.