ఎంఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ దరఖాస్తు అర్హత దగ్గరే ఆగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

పల్లెబడి టీచర్:
అందరికీ నమస్కారం. బడి నుంచి వచ్చినప్పటి నుంచీ దీని ముందే కూర్చున్నాను. సహిత విద్యలో ఎంఈడీ చేద్దామని దరఖాస్తు నింపుతున్నాను. పేరు, ఊరు, డిగ్రీ, బీఈడీ మార్కులు అన్నీ తీసుకుంది. బీఈడీలో 50 శాతం కంటే చాలా ఎక్కువే ఉన్నాయి. తర్వాతి పేజీలో సీఆర్‌ఆర్ నంబర్ అడుగుతోంది, అక్కడ 'అర్హత లేదు' అని ఎర్రగా వస్తోంది. ఫోన్‌లో చేశాను, కంప్యూటర్‌లో చేశాను, అదే వరస. హెల్ప్‌లైన్ వాళ్లు ఎత్తరు. అనుభవం ఉంది, సహిత విద్య మీద శిక్షణ కూడా తీసుకున్నాను. ఇంకేం కావాలి? గడువు రేపటితో అయిపోతుంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

మీసేవ తమ్ముడు:
పాత బ్రౌజర్ అయితే ఇలాగే అవుతుంది మేడమ్. హిస్టరీ మొత్తం క్లియర్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. ఫొటో సైజు కూడా చూసుకోండి, ఎక్కువుంటే పేజీ ముందుకు పోనివ్వదు. రాత్రి పదకొండు దాటాక సర్వర్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు ప్రయత్నించండి.

ఐఈఆర్పీ కరీంనగర్:
సీఆర్‌ఆర్ నంబర్ ఉన్నదా లేదా?

పల్లెబడి టీచర్:
అదేమిటో తెలియకే అడుగుతున్నానండీ. టెట్ నంబర్ వేస్తే తీసుకోలేదు. హిస్టరీ కూడా క్లియర్ చేశాను తమ్ముడూ, మార్పు లేదు.

విశ్రాంత హెచ్‌ఎం, నెల్లూరు:
అమ్మా, శీర్షికలో స్పెషల్ ఎడ్యుకేషన్ అన్నారు, లోపల సహిత విద్య అన్నారు. మన ఉపాధ్యాయులందరిలోనూ ఈ గందరగోళం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1974లో కేంద్రం వికలాంగ బాలల విలీన విద్య పథకం (ఐఈడీసీ) తెచ్చినప్పుడు ఉద్దేశం ఏమిటంటే, వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడిలో కూర్చోబెట్టడం. బడి మారదు, పిల్లవాడే సర్దుకోవాలి. విలీన విద్య అంటే అదే. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో చేసిన ప్రకటనతో ఆ ఆలోచన తిరగబడింది, బడే పిల్లవాడికి తగ్గట్టు మారాలన్నారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం సహిత విద్యను నిర్వచించింది కూడా అలాగే: వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదవాలి, బోధన పద్ధతి వాళ్ల అవసరాలకు తగ్గట్టు మారాలి. ఇది తెలియకుండా ఏ డిగ్రీ చేసినా ఏం లాభం?

ఐఈఆర్పీ కరీంనగర్:
సార్, ఆమె అడిగింది ఫారం గురించి.

విశ్రాంత హెచ్‌ఎం, నెల్లూరు:
ఫారం రేపు కాకపోతే వచ్చే ఏడు నింపవచ్చు. ఆలోచన సరిగా లేకపోతే ఆ పిల్లలు వెనక బెంచీలోనే ఉండిపోతారు. మా బడిలో అలా మిగిలిపోయిన పిల్లల్ని చూసే చెబుతున్నాను.

భవిత టీచర్:
మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే పిల్లల్ని వేరే గదిలో పెట్టడం అనుకోవద్దు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిపే మా భవిత కేంద్రంలో ఫిజియోథెరపీకి వచ్చే పిల్లలు మిగతా రోజుల్లో ఊళ్లో బడికే వెళ్తారు. బ్రెయిలీ నేర్పేవాళ్లు, సైగల భాష వచ్చినవాళ్లు లేకుండా అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే అది సహిత విద్య ఎలా అవుతుంది? మీరు చెప్పిన 2016 చట్టంలోనే 17వ సెక్షన్ ఇలాంటి టీచర్లను తయారుచేసి నియమించమనే చెబుతోంది.

విశ్రాంత హెచ్‌ఎం, నెల్లూరు:
నేను కాదనలేదమ్మా. అందరూ విలీన విద్య, సహిత విద్య ఒకటే అన్నట్టు వాడేస్తున్నారు, దానికే నా అభ్యంతరం.

ఐఈఆర్పీ కరీంనగర్:
పేరు ఏదైతే ఏంది సార్. మేడమ్, మీ బీఈడీ జనరలా, స్పెషలా? ఇది చెప్తేనే ముందుకు పోతది.

పల్లెబడి టీచర్:
మామూలు బీఈడీయేనండీ. మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ మెథడాలజీ. అందులో సహిత విద్య పేపర్ కూడా ఉంది కదా. ప్రాథమిక బడిలో ఎస్‌జీటీగా పనిచేస్తున్నాను. శిక్షణ అంటే మండలంలో పెట్టిన ఐదు రోజుల శిక్షణ.

ఐఈఆర్పీ కరీంనగర్:
అయితే రాదు. ఫారం తప్పేం లేదు.

పల్లెబడి టీచర్:
ఒక్క ముక్కలో 'రాదు' అంటే ఎలాగండీ? ఎందుకు రాదో చెప్పండి.

భవిత టీచర్:
నేను చెబుతాను మేడమ్. మామూలు బీఈడీ, ఎంఈడీ ఎన్‌సీటీఈ, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి కిందికి వస్తాయి. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి కిందివి. దానికి 1992లో విడిగా చట్టమే ఉంది. ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు పాసైనవాళ్ల పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. ఆ నమోదు సంఖ్యే సీఆర్‌ఆర్ నంబర్. అది లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడం ఆ చట్టం ప్రకారం నేరం కూడా. మీ బీఈడీలోని ఒక పేపర్, ఐదు రోజుల శిక్షణ మీ తరగతికి పనికొస్తాయి, రిజిస్టర్‌లోకి మాత్రం తీసుకెళ్లవు.

స్పెషల్ ఎంఈడీలో చేరాలంటే బీఈడీ స్పెషల్ ఉండాలి, లేదా మామూలు బీఈడీతో పాటు ఆర్‌సీఐ గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉండాలి, రెండింట్లోనూ 50 శాతం. మీకు బీఈడీ ఉంది, డిప్లొమా లేదు. అందుకే ఆగింది.

ఇక ముందు ఏం చేయాలనేది మీరు ఎంఈడీ దేనికోసం అనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. స్పెషల్ బీఈడీ కాలేజీల్లో పాఠాలు చెప్పాలనుకుంటే ఎంఈడీ కావాల్సిందే. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984లో పెట్టిన జాతీయ సంస్థ, మేధో వైకల్యంలో ఎంఈడీ అక్కడ ఉంది. బడిలో పిల్లలకు చెప్పాలనుకుంటే మాత్రం స్పెషల్ బీఈడీయే చాలు. రెగ్యులర్‌గా రెండేళ్లు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో రెండున్నరేళ్లు, కానీ ప్రాక్టికల్స్‌కి హాజరు తప్పదు. వినికిడి, చూపు, మేధో వైకల్యం, ఇలా ఒక విభాగం ముందే ఎంచుకోవాలి. ఏ కాలేజీ అయినా డబ్బు కట్టే ముందు ఆర్‌సీఐ అనుమతి జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ చూసుకోండి. మా దగ్గర ఒకమ్మాయి అలా చూడకుండా చేరి రిజిస్ట్రేషన్ కోసం ఇప్పటికీ తిరుగుతోంది. మీరు సర్వీసులో ఉన్నారు కాబట్టి శాఖ అనుమతి తీసుకోకుండా దేంట్లోనూ చేరకండి.

అసలు ఈ ఆలోచన ఎందుకొచ్చింది మేడమ్? తరగతిలో ఎవరైనా ఉన్నారా?

పల్లెబడి టీచర్:
ఉన్నారండీ. రెండో తరగతిలో బాబు, మాటలు సరిగా రావు, పేరు పిలిస్తే ఒక్కోసారి చూడడు. వాళ్ల అమ్మ రోజూ గేటు దగ్గర నిలబడి 'ఇవాళ ఏమైనా రాశాడా మేడమ్' అని అడుగుతుంది. నాకు ఏం చెప్పాలో తెలియదు.

భవిత టీచర్:
అయితే రెండున్నరేళ్లు ఆగొద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించమనండి, చాలామందికి అక్కడే తేలుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్‌లో టీచర్లు నింపే ప్రశ్నావళి ఉంది, అది నింపి మీ మండల భవిత కేంద్రానికి తీసుకెళ్లండి. పేరు పెట్టేసి అమ్మను భయపెట్టకండి. బాబును ముందు వరుసలో, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

డీఎస్సీ ఆశావహుడు:
ఇక్కడే అడుగుతున్నా. తెలంగాణలో 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కి ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) పోస్టులు 220, ఎస్‌జీటీ 796 ఇచ్చారు. మళ్లీ అన్ని పోస్టులు వస్తాయా?

ఐఈఆర్పీ కరీంనగర్:
సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది, ప్రాథమికంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని. 2025 మార్చిలో పోస్టులు మంజూరు చేయమని మళ్లీ ఆదేశించింది. ఆ లెక్కన ఇయ్యాలె. మేం ఐఈఆర్పీలం, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లం, ఏండ్ల నుంచి కాంట్రాక్టు మీదనే ఉన్నం, ముందు మా సంగతి తేల్చాలె.

డీఎస్సీ ఆశావహుడు:
కాంట్రాక్టు వాళ్లని పర్మినెంట్ చేస్తే మాకేం మిగులుతాయన్నా?

ఐఈఆర్పీ కరీంనగర్:
పిల్లల లెక్క తీస్తే అందరికీ సరిపోతయి తమ్మీ. లెక్కనే సరిగ తీస్తలేరు.

పల్లెబడి టీచర్:
యాప్ దించుకున్నాను. ఎంఈడీ ఈసారికి వదిలేశాను. థాంక్యూ భవిత మేడమ్.

విశ్రాంత హెచ్‌ఎం, నెల్లూరు:
ఆ బాబు సంగతి రాస్తూ ఉండమ్మా.

కొత్త సభ్యురాలు, పాలమూరు:
నాది వినికిడి లోపంలో స్పెషల్ బీఈడీ, సీఆర్‌ఆర్ ఉంది. మేధో వైకల్యంలో ఎంఈడీకి తీసుకుంటారా? ఎవరైనా అలా చేరినవాళ్లున్నారా?