కాఫీ పుట్టినిల్లు యెమెనా, ఇథియోపియానా?

చంద్రగిరి అయ్యవారు:
మొన్న తిరుపతి బస్టాండు దగ్గరి ఒక హోటలులో కాఫీ తాగుతూ గోడమీది బోర్డు చదివాను. కాఫీ ఇథియోపియాలో పుట్టిందనీ, కాల్దీ అనే మేకల కాపరి దాన్ని కనిపెట్టాడనీ అందులో రాసి ఉంది. ఇది తప్పని నా అభిప్రాయం. మేకలు పండ్లు తిని గంతులు వేశాయన్న కథ ఫాస్టస్ నైరోన్ అనే పండితుడు 1671లో రోమ్‌లో అచ్చువేయించిన లాటిన్ పుస్తకంలో కనిపిస్తుంది. అక్కడ కాపరికి కాల్దీ అన్న పేరైనా లేదు. కాఫీ తాగినట్లు నమ్మదగిన తొలి ఆధారాలు 15వ శతాబ్దపు యెమెన్ సూఫీల గురించినవి. రాత్రి ధ్యానంలో కునుకు పట్టకుండా వారు దాన్ని తాగేవారు. పొలాల్లో సాగుచేసి, మోఖా రేవు నుంచి లోకానికి అమ్మింది కూడా యెమెన్ వారే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ మొక్కకు ఆరబికా, అంటే అరేబియాది, అనే పేరు పెట్టాడు. కాదనేవారు ఆధారం చూపి కాదనవలసిందిగా మనవి.

శేషాచలం మొక్కలు:
అయ్యవారూ, మేకల కథను మీరు తోసిపుచ్చడం సబబే. కాని లిన్నేయస్ పెట్టిన పేరు సాక్ష్యం కాదు. సరుకు ఏ దారిన ఐరోపా చేరిందో అది చెబుతుంది గాని, మొక్క ఎక్కడ మొలిచిందో చెప్పదు. ఆరబికా అడవిమొక్కగా తనంతట తాను పెరిగేది ఇథియోపియా నైరుతి కొండల్లో, దక్షిణ సూడాన్‌లోని బోమా పీఠభూమిలో. యెమెన్‌లో అది మెట్లు కట్టిన పొలాల్లో మనిషి నాటితే పెరిగినదే. పైగా ఆరబికా రెండు జాతులు సహజంగా కలిసి పుట్టిన సంకరం. ఒక్కొక్కదానికి 22 క్రోమోజోములు, దీనికి 44. ఆ రెండు జాతులూ ఆఫ్రికావే, వాటిలో ఒకటి మనం తక్కువరకమని చిన్నచూపు చూసే రోబస్టా! ఎర్రచందనాన్ని ఏ దూరదేశం వారు ఎంత గొప్పగా వాడుకున్నా అది మన కొండల చెట్టు కాకుండా పోదు కదా.

మీరు నమ్మే అరబ్బు గ్రంథాలే మీకు అడ్డు వస్తున్నాయి. యెమెన్‌లోని ఏడెన్ ముఫ్తీ అల్ ధభానీ సముద్రం అవతలి ఆఫ్రికా తీరంలో కహ్వా అనే పానీయం వాడకాన్ని చూసి, తిరిగివచ్చి జబ్బుపడినప్పుడు అది గుర్తుకు తెచ్చుకుని తాగాడనీ, తరువాత సూఫీలకు అలవాటు చేశాడనీ 16వ శతాబ్దంలో అల్ జజీరీ అనే అరబ్బు రచయిత నమోదు చేశాడు.

పలమనేరు కాఫీపొడి అంగడి:
మీరిద్దరూ ఎర్రసముద్రం ఒడ్డునే ఆగిపోయారు. మొలకెత్తే గింజను యెమెన్ బయటికి పోనిచ్చేది కాదంటారు. బాబా బుడన్ అనే సూఫీ సాధువు హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు తెచ్చి చంద్రగిరి కొండల్లో నాటాడని మాకు సరుకు పంపే చిక్కమగళూరు తోటలవారు చెబుతారు. (అది మన కోట ఉన్న చంద్రగిరి కాదని అంగడికి వచ్చేవారికి పదేపదే చెప్పవలసి వస్తోంది.) కథ నిజమో కాదో గాని జరగరానిదైతే కాదు: వేయించని గింజ పార్చ్‌మెంటు పొట్టుతో ఉంటే కొన్ని నెలలు మొలక శక్తిని నిలుపుకుంటుంది, మోఖా నుంచి మలబారుకు ఓడ ప్రయాణమా అనుకూలమైన గాలి ఉంటే కొన్ని వారాలే. 1696లో డచ్చివారు మలబారు నుంచి జావాకు మొక్కలు తీసుకువెళ్లారు. అవి వరదలో పోతే 1699లో మళ్లీ తీసుకువెళ్లారు. జావా మొక్క 1706లో ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. దాని సంతతిలోని ఒక మొక్కను 1714లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కానుకగా ఇచ్చారు. ఆ తరువాత కరిబియన్ దీవి మార్టినిక్, బ్రెజిల్. ఇంత దూరం నడిచిన గింజ యెమెన్‌లో సాగైన గింజే గాని ఇథియోపియా అడవి గింజ కాదు.

శేషాచలం మొక్కలు:
అయ్యా, 1696 నాటి లెక్క మలబారులో కాఫీ ఉండేదని చూపుతుంది. దాన్ని తెచ్చింది బాబా బుడనే అని చూపదు. మీరు చెప్పిన ఆ దారిలోనే ఒక చిక్కు కూడా ఉంది. గుప్పెడు మొక్కల సంతతి కావడంతో లోకంలోని ఆరబికా తోటల్లో వైవిధ్యం చాలా తక్కువ. 1869లో సిలోనులో ఆకు తుప్పు తెగులు బయటపడ్డాక అక్కడి కాఫీ నిలవలేదు, తేయాకు వచ్చింది. 1964లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అడవిరకాల కోసం బృందాన్ని పంపింది ఇథియోపియాకే, యెమెన్‌కు కాదు.

చంద్రగిరి అయ్యవారు:
అమ్మా, మొక్క విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పానీయం విషయంలో మాత్రం తీసుకోను. ధభానీ చూసిన వాడకం మన కాఫీయే అనుకోవడానికి ఆ వాక్యం చాలదు. ఎండిన పండు తొక్కను కాచి కిషర్ అనే పేరుతో యెమెన్‌లో నేటికీ తాగుతారు. కహ్వా అన్న మాట అక్కడ ఏ కషాయానికి వాడారో ముందు తేలాలి. హోటలు యజమానికి నిన్న ఇదంతా చెప్పాను. ఇథియోపియా పేరు ఉంచుతాడట, కాల్దీని తీసేస్తాడట. మేక బొమ్మకు మాత్రం పెయింటరుకు డబ్బు ఇచ్చేశాడట, కాబట్టి అది ఉంటుంది.