న్యూజిలాండ్ చేతిలో ఓడాక కూడా రేపటి మ్యాచ్ చూడాలా?

ఇచ్ఛాపురం హాకీ, 27 జనవరి 2023, ఉదయం

ఆదివారం భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఉన్నాను. మొదట 2-0, తర్వాత 3-1తో ముందున్న మనవాళ్లు 3-3కి తెచ్చుకుని, షూటౌట్‌లో 4-5తో ఓడిపోయారు. సొంతగడ్డ మీద హాకీ ప్రపంచ కప్, క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేదు. నిన్న రూర్కెలాలో జపాన్ మీద 8-0తో గెలిచారు. రేపు దక్షిణాఫ్రికాతో 9-12 స్థానాల మ్యాచ్. మా గదిలో దీని మీదే గొడవ. ఇలాంటి ఓటమి తర్వాత కూడా జట్టు వెంట ఉండాలా, లేక తప్పుకుంటేనే వాళ్లకు బుద్ధి వస్తుందా? మీ మాట చెప్పండి.

సికింద్రాబాద్ ఫుల్‌బ్యాక్, ఉదయం

తమ్ముడూ, నేను చూడను. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు, భరించాను. 2012 లండన్‌లో ఆడిన ప్రతి మ్యాచ్ ఓడి 12వ స్థానంలో, అంటే అట్టడుగున నిలిచాం. అప్పుడూ టీవీ ముందే ఉన్నాను. మొన్న ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఫైనల్లో ఆస్ట్రేలియా 7-0తో కొట్టింది. ఇప్పుడు ఇది. డబ్బుల్లేవు, టర్ఫ్‌లు లేవు అనే రోజులు పోయాయి. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం స్పాన్సర్‌గా నిలబడింది. విదేశీ కోచ్ ఉన్నాడు. అయినా గోల్ కొట్టడానికి దొరికే పెనాల్టీ కార్నర్లు చేజారుతున్నాయి, చివరి క్వార్టర్లో కాళ్లు వణుకుతున్నాయి. ఎలా ఆడినా జనం వస్తారని తెలిస్తే మారాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఖాళీ కుర్చీలు కనిపిస్తేనే పైవాళ్లు ఆలోచిస్తారు.

రెండో గోల్‌పోస్ట్, మధ్యాహ్నం

అన్నయ్యా, టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు వరసగా మూడు మ్యాచ్‌లు ఓడారు. నెదర్లాండ్స్ మీద 1-5, జర్మనీ మీద 0-2, బ్రిటన్ మీద 1-4. అక్కడితో వదిలేసినవాళ్లు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన పొద్దున్న ఏం చేశారో! ఆ జట్టుతో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా గోల్‌కీపర్ రజని కూడా వెళ్లింది. నేనైతే రేపు చూస్తాను.

ఇచ్ఛాపురం హాకీ, సాయంత్రం

అక్కా, మీరు చెప్పింది నిజం. మగవాళ్ల జట్టు కూడా అదే ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా చేతిలో 1-7తో ఓడి, పదకొండు రోజులకు జర్మనీని 5-4తో గెలిచి కాంస్యం తెచ్చింది. 41 ఏళ్ల తర్వాత పతకం. కానీ ఈ లెక్కతో అన్నయ్యతో వాదించడం నాకు ఇష్టం లేదు. రేపు గెలుస్తారు కాబట్టి ఈరోజు వెంట ఉండాలంటే అది బేరమే అవుతుంది. గెలవకపోతే ఏం చేస్తాం?

ఆదివారం షూటౌట్ సడన్ డెత్‌లోకి, అంటే ఒక్క తప్పుతోనే తేలిపోయే దశలోకి వెళ్లాక మన గోల్‌కీపర్ శ్రీజేష్‌కు దెబ్బ తగిలింది. అతని బదులు క్రిషన్ పాఠక్ ప్యాడ్లతో లోపలికి వచ్చాడు. స్టేడియం మొత్తం నిలబడి ఉంది. ఆఖరి అవకాశం శంషేర్‌ది, గోల్ కాలేదు. అంతే, అంత గోల ఒక్కసారిగా ఆగిపోయింది. నా ముందు వరసలో ఒక పెద్దాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉండిపోయారు. సుందర్‌గఢ్ వైపు నుంచి మనవడితో వచ్చారట. హాకీ ఆటగాళ్లు దిలీప్ టిర్కీ, అమిత్ రోహిదాస్ పుట్టిన జిల్లా అది. కాసేపటికి మనవణ్ణి అడిగారు, "రూర్కెలాలో మళ్లీ ఎప్పుడు ఆడతారు?" అని.

ఆ మాట విన్నాక నా కోపం తగ్గలేదు. వేల్స్ మీద నాలుగే గోల్స్ ఎందుకు కొట్టామని ఇప్పటికీ అడుగుతాను. ఎనిమిది గోల్స్ తేడాతో గెలిచి ఉంటే పూల్‌లో ఇంగ్లండ్‌ను దాటి నేరుగా క్వార్టర్స్‌కు వెళ్లేవాళ్లం, న్యూజిలాండ్‌తో ఆడాల్సి వచ్చిన ఈ క్రాసోవర్ మ్యాచ్ గండమే ఉండేది కాదు. తొడ కండరం పట్టేసి హార్దిక్ సింగ్ దూరమయ్యాక మధ్యలో ఆట నడిపించేవాడే కనిపించలేదు, దానికి మన దగ్గర రెండో దారి ఎందుకు లేదు? ఇవన్నీ అడగాలి. గట్టిగా అడగాలి. అయితే అడగాలంటే ముందు చూడాలి కదా! కుర్చీ ఖాళీ అయితే ఎందుకు ఖాళీ అయిందో ఎవరికీ తెలియదు. హాకీకి జనం రారని రాసి పక్కన పెడతారు. ఎవరూ పట్టించుకోని 9-12 మ్యాచ్ చూసి, పెనాల్టీ కార్నర్ ఇంజెక్షన్ (బంతిని గీత మీంచి నెట్టడం) దగ్గర తప్పిందా, స్టాపింగ్ (దాన్ని ఆపడం) దగ్గర తప్పిందా అని చెప్పగలిగినవాడి తిట్టుకే బరువుంటుంది.

సికింద్రాబాద్ ఫుల్‌బ్యాక్, రాత్రి

ఖాళీ కుర్చీ గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. నలభై ఎనిమిదేళ్లుగా, 1975 కౌలాలంపూర్ తర్వాత ఒక్క ప్రపంచ కప్ లేదు. ఇంకెంతకాలం అడుగుతూ కూర్చోవాలి? నాకు అలసటగా ఉంది తమ్ముడూ, కోపం కూడా కాదు.

ఇచ్ఛాపురం హాకీ, రాత్రి

అలసిపోయారంటే నేనేమీ అనలేను అన్నయ్యా. రేపు చూడకపోయినా మిమ్మల్ని జట్టుకు దూరమైనవాళ్ల లెక్కలో వేయను. మ్యాచ్ అయ్యాక పెనాల్టీ కార్నర్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని గోల్ అయ్యాయో ఇక్కడే రాస్తాను. చదవాలనిపిస్తే చదవండి.